ఖాదర్ కొన్న దిండు

పెళ్ళి కార్డు అచ్చువేయడానికి ఖాదర్ రాసిన ప్రోగ్రామ్ చూసి షాహీదా పకపకా నవ్వింది. ప్రొద్దుటూరు కంప్యూటర్ సెంటర్‌లో, జావా క్లాసులో, వాళ్ళిద్దరికీ అదే తొలి పరిచయం, తొలి తగువు కూడా.

"ఏందప్పా ఇది? పెండ్లి కార్డులో పెద్దోళ్ళ పేర్లు యాడ?"

"రాసేది మరిచిపోయినా."

"నువ్వు రాసే పనే లేదు. నీ ప్రోగ్రామ్‌కు అమ్మానాయన లాంటిది పేరెంట్ క్లాసు, దాంట్లో ఉండే ప్రింట్ మెథడ్ ఆ పేర్లు వేస్తాది. నువ్వు అదే పేరుతో ఇంకోటి రాస్తివి, దాని నోరు మూతపడె. ముందు సూపర్ అని రాసి దాన్ని పిలువు. అది చెప్పినాక నీ మాట చెప్పుకో."

"నా పని నేనే చేసుకుంటా. ఇంకొకర్ని పిలిచేదేంది?"

అబ్బో, పౌరుషం! అంత పౌరుషమున్నవాడు ఆ నవ్వుకు మాత్రం చిత్తుగా పడిపోయాడు. ఆమెకూ వాడు నచ్చాడు. ఎందుకు నచ్చాడో అడిగితే ఆమే చెప్పలేకపోయేది.

ఒక సాయంత్రం వాన కురుస్తుంటే సెంటర్ మెట్ల మీద షాహీదా అసలు సంగతి చెప్పింది.

"ఆదివారం పులివెందులోళ్ళు నన్ను చూసేదానికి వస్తాండారు. నువ్వేమన్నా చేస్తావా, నేను పట్టుచీర కట్టుకొని కూర్చోవాల్నా?"

"రేపే మీ నాయనతో మాట్లాడతా," అన్నాడు ఖాదర్.

షాహీదా నాయన అబ్దుల్ సత్తార్‌ది పరుపుల అంగడి. ఇంటి ముందు గదే అంగడి. పొద్దున్నే వెళ్ళి నిలబడ్డాడు ఖాదర్.

"ఏం కావాలబ్బాయ్?"

"మీ షాహీదాను పెండ్లి చేసుకుంటా సార్."

సత్తార్ చేతిలో సూది ఆగిపోయింది.

"మీ ఇంట్లో పెద్దోళ్ళు లేరా?"

"జమ్మలమడుగులో మా అమ్మ ఉంది సార్."

"ఆయమ్మకు తెల్సా?"

"ఇంకా చెప్పలేదు సార్."

"అమ్మకే చెప్పనోడివి నాకు చెప్తాండావా? దిండు కావాలంటే తీస్కో. లేదా బయల్దేరు."

ఖాదర్ దిండు కొన్నాడు. ఎందుకు కొన్నాడో వాడికే తెలియదు.

చంకలో దిండుతో సెంటర్‌కు వచ్చినవాడిని చూసి షాహీదా తల పట్టుకుంది.

"అమ్మను పిల్చుకొని రాకుండా పోయినావా? కార్డులో చేసిన తప్పే మళ్ళా చేస్తివి కదప్పా!"

ఈసారి ఆమె నవ్వలేదు. కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. ఆ నీళ్ళు చూశాక వాడి పౌరుషం ఎటు పోయిందో, దిండు ఒళ్ళో పెట్టుకొని జమ్మలమడుగు బస్సెక్కాడు.

శనివారం తల్లి ఖమ్రున్నీసాతో సత్తార్ అంగడికి తిరిగొచ్చాడు. ఆమె సలాం చెప్పి, పరుపు మీద కూర్చొని, దాన్ని నొక్కి చూసింది.

"దూది బాగుందన్నా. మావోడు నేనుండి కూడా లేనట్ల చేసినాడు. ఇప్పుడు నేను అడుగుతాండా. మీ బిడ్డను మా ఇంటికి పంపిస్తావా?"

సత్తార్ సూది పక్కన పెట్టాడు.

"మా బిడ్డ కూడా మొన్నట్నుంచి అన్నం సరిగ్గా తింటాలేదమ్మా. పులివెందులోళ్ళకు రావద్దని కబురు చేస్తాలే." ఆయన ఖాదర్ వైపు తిరిగాడు. "ఇంక చెప్పబ్బాయ్, నీ మాటేంది?"

బస్సులో దారిపొడవునా వల్లెవేసుకున్నదంతా ఖాదర్ మరిచిపోయాడు.

"దిండు... శానా మెత్తగా ఉంది సార్."

లోపలి పరదా వెనక నుంచి పకపకా నవ్వు వినిపించింది. సత్తార్ కూడా ఆపుకోలేకపోయాడు.

"ఒక్క దిండుతో ఏం చేస్తావప్పా? రెండోది మా బిడ్డతో పంపిస్తాలే!"