మావయ్యగారి వెన్ను

సంధ్యావందనం ముగించుకొని, నుదుట విభూతి రేఖలు ఇంకా తడి ఆరకుండానే సూర్యనారాయణమూర్తిగారు భోజనాల బల్ల దగ్గరకు వచ్చేసరికి, కాఫీ గ్లాసు ఉండవలసిన చోట ఒక ముసలివాడు నిలబడి ఉన్నాడు.

బొటనవేలంత ముసలివాడు. ఎగగట్టిన పంచె, నడుము చుట్టూ బిగించిన కండువా, నేలమీద దేనినో వెతుకుతున్నట్లు ముందుకు వాలిన తల. వాడి చుట్టూ తడిగుడ్డ కప్పిన మట్టిముద్ద, టూత్‌పిక్కులు, సిరా అయిపోయిన రీఫిల్, ఒక డబ్బా మూతలో నీళ్ళు. వాటి వెనుక, కళ్ళద్దాలు ముక్కు చివరకు జారిపోగా, ఆయన అర్ధాంగి లలితాంబ.

"లలితా, కాఫీ."

"ఫణిశ్రీ కలుపుతోందండి. ఈ మోకాలు ఆరిపోతోంది, ఒక్క నిమిషం."

"మోకాలు ఆరిపోకూడదు. మొగుడి గొంతు ఆరిపోయినా ఫరవాలేదు కాబోలు!"

వంటింట్లోంచి కోడలి నవ్వు వినిపించింది. "వచ్చేస్తున్నానండి మావయ్యగారూ. అంతవరకూ మీ గొంతుకి కూడా తడిగుడ్డ చుట్టమనండి అత్తయ్యగారిని."

మూర్తిగారు నవ్వలేదు. ఆయన సంస్కృతం చెప్పి పదవీ విరమణ చేసిన అధ్యాపకులు. రాజమహేంద్రవరంలో వారి వీధి చివరి ఆలయంలో సాయంకాలం వేళ పురాణం చెబుతారు. తప్పు కనబడితే దిద్దకుండా ఉండలేకపోవడం వారికి వృత్తివల్ల అబ్బిన గుణమో, పుట్టుకతో వచ్చినదో చెప్పడం కష్టం. ముగ్గులో చుక్క తప్పినా, పులుసులో ఉప్పు తగ్గినా, మాటలో ఒత్తు జారినా ఆయనకు నిద్రపట్టదు. కాపురానికి వచ్చిన కొత్తలో లలితాంబ దీపం ముందు కూర్చుని లలితా సహస్రనామం పైకి చదివేది. ప్రతి రెండు నామాలకూ భర్త పక్కగదిలోంచి సవరణ చెప్పేవారు. కొన్నాళ్ళకు ఆమె పెదవులు కదపడం మానివేసి లోలోపలే చదువుకోవడం అలవాటు చేసుకుంది. భార్య ఉచ్చారణ బాగుపడిందని మూర్తిగారు సంతోషించారు.

అటువంటి ఇంట్లోకి "బొటనవేలి బొమ్మలు" అనే గ్రూపు ఫోన్‌లోంచి వచ్చింది. పాలకొల్లు నుంచి రమ్యశ్రీ అనే టీచరు మధ్యాహ్నాలు వీడియోలో నేర్పుతుంది. గాలికే ఆరిపోయే మట్టితో, బొటనవేలు దాటని మనుషులను చేయాలి. ఎక్కడెక్కడి ఆడవాళ్ళో చేరారు. శివరాత్రికి గోదావరిలో పట్టిసీమ గుడికి వెళ్ళే లాంచీ బొమ్మ ఒకటి అందరూ కలిసి తయారుచేద్దామనుకున్నారు. చెక్కతో లాంచీ రమ్యశ్రీ చేయించింది. అందులోకి తలా ఒక మనిషిని చేసి పంపాలి. అంతర్వేది దగ్గర చేపలవేట కుటుంబానికి చెందిన తలుపులమ్మ లాంచీ నడిపే సరంగును తీసుకుంది. ఎవరో గాజులమ్మేదాన్ని, ఎవరో పుట్టువెంట్రుకల పిల్లవాణ్ణి. లలితాంబ మాత్రం ముసలాయనను చేస్తానంది.

ఎన్ని ముసలివాళ్ళు పగిలి మళ్ళీ ముద్దలయ్యారో! లోపలి తీగకు వంపు కుదిరితే మట్టి నిలవదు, మట్టి నిలిస్తే ఆ వంపు ఉండదు. చిట్టచివరకు నిన్న సాయంత్రం కుదిరితే, ఫొటో తీసి గ్రూపులో పెట్టింది. ఈ మధ్యాహ్నం అందరికీ చూపించి, రేపు పార్సిల్ చేయాలి. ఈ ఇంట ఎవరి దిద్దుబాటూ లేకుండా తన చేతిమీదుగా ఒక్కటి, ఒక్కటంటే ఒక్కటి, పూర్తి కావాలని లలితాంబ కోరిక. ఆ మాట ఆమె ఎవరితోనూ అనలేదు.

మూర్తిగారు వంగి చూశారు. "ఎవరీ గూనివాడు?"

"లాంచీలో ప్రయాణికుడండి."

"ప్రతిమకు ఒక లక్షణం ఉంటుందే. ముఖం ఎంతో, దేహం దానికి తొమ్మిదింతలు ఉండాలి. ఉత్తరీయం భుజానికి గాని నడుముకేమిటి, కూలీవాడిలా?"

"ప్రతిమ కాదండి. మనిషి."

"మనిషికి మాత్రం వెన్ను ఉండొద్దూ? మా నాన్నగారిని చూశావుగా. అంత వయసులోనూ ధ్వజస్తంభంలా నిలబడేవారు. పోయేదాకా వెన్ను వంచని మహానుభావుడు! మొన్న పురాణంలో చెబితే జనం చేతులెత్తి దణ్ణం పెట్టారు."

లలితాంబ చేతిలోని టూత్‌పిక్ ఆగింది. ఫణిశ్రీ తెచ్చి పెట్టిన గ్లాసును భర్త వైపు జరిపింది.

"కాఫీ చల్లారిపోతుందండి," అంది.

అత్తాకోడళ్ళు కూరగాయలకు వెళ్ళారు. వెళ్ళేముందు లలితాంబ బొమ్మమీద ఒక గిన్నె బోర్లించి, "కదపకండేం," అని మరీ చెప్పింది. ఇంట్లో మూర్తిగారు ఒక్కరే మిగిలారు. కాసేపు పుస్తకం చదివారు. అక్షరాల మధ్య ఆ గూని అడ్డుపడుతూనే ఉంది. పదిమంది ఆడవాళ్ళ ముందు తన ఇల్లాలు ఆ అవకతవక బొమ్మను పెట్టి నవ్వులపాలు కావడం ఆయనకు నచ్చలేదు. ఒక్కసారి సరిచేస్తే తప్పేముంది? చెప్పనైనా చెప్పక్కరలేదు, చూసి తనే ఆశ్చర్యపోతుంది.

బొటనవేలు నీళ్ళలో ముంచి, ముసలివాడి నడుముమీద తడి అద్దారు. ఛాతీకింద చూపుడువేలు ఆనించి మెల్లగా వెనక్కు నెట్టారు. లోపలి తీగ ముందు మొరాయించింది, తర్వాత లొంగింది. తల లేచింది. నడుము చుట్టూ ఉన్న కండువాను సూదిమొనతో ఊడదీసి, భుజంమీద ముచ్చటగా పరిచారు. ఒక శ్లోకంలో పడిపోయిన అక్షరాన్ని పూరించినంత తృప్తి కలిగింది. గిన్నె మళ్ళీ బోర్లించారు.

మధ్యాహ్నం ఫోన్‌ను పంచదార డబ్బాకు ఆనించి లలితాంబ గ్రూపులో కలిసింది. గాజులమ్మేదాని వంతు అయింది, పిల్లవాడి వంతు అయింది.

"ఇప్పుడు మన లలితాంబగారి తాతగారండి! ఫొటో చూసి నిన్న రాత్రి మేమంతా అదే మాట్లాడుకున్నాం," అంది రమ్యశ్రీ.

లలితాంబ నవ్వుతూ గిన్నె ఎత్తింది.

ముసలివాడు గుండె విరుచుకుని నిలబడి ఉన్నాడు. భుజాన కండువా. నడుము దగ్గర, మట్టి ఆరే కొద్దీ విడిపోయిన ఒక నల్లటి బీట.

ముందుగా తేరుకున్నది తలుపులమ్మ. "అదేంటండోయ్! నిన్న ముసలాయన, ఇయ్యాల పెళ్ళికొడుకైపోయేడు! మా సరంగుకంటే ఈయనే జోరుగా ఉన్నాడు, లాంచీ ఈయన చేతికే ఇచ్చేద్దారండి!"

అందరూ నవ్వారు. ఆ నవ్వు మెచ్చుకోలు అనుకుని మూర్తిగారు కుర్చీ వెనకనుంచి ముందుకు వచ్చారు. "నమస్కారమండి. అది నేనే సరిచేశానండి. మా ఆవిడకు ఓపిక ఉంది గాని లక్షణం తెలియదు. అసలు ప్రతిమ అనేది..."

లలితాంబ మట్టివేలితో ఫోన్ నొక్కేసింది. తెర నల్లబడింది.

"ఎందుకు చేసేరండీ ఈ పని?"

"ఎందుకేంటి? వంకరగా ఉంటే సరిచేశాను."

"ముగ్గేస్తే చుక్క తప్పిందన్నారు, చెరిపి మళ్ళీ వేసేను. సహస్రనామం చదివితే ఒత్తు పలకలేదన్నారు, నోరు మూసుకుని చదువుకున్నాను. ఇన్నేళ్ళకి బొటనవేలంత బొమ్మ ఒకటి చేసుకుంటే, దానిమీదా మీ చెయ్యి పడాలా?"

ఆమె గొంతు ఆ ఇంట్లో అంత పైకి లేవడం ఫణిశ్రీ ఎన్నడూ వినలేదు. వంటింటి గుమ్మంలోకి వచ్చి ఆగిపోయింది.

"కోడలు చూస్తోంది లలితా. ఒక మట్టిబొమ్మ కోసం ఇంత రాద్ధాంతమా?"

"బొమ్మ కాదండి. మావయ్యగారు."

"ఏ మావయ్యగారు?"

"నాకెంతమంది మావయ్యగార్లు ఉన్నారండీ?"

మూర్తిగారికి అర్థం కావడానికి కొంతసేపు పట్టింది. అర్థమయ్యాక ముఖం ఎర్రబడింది. "మా నాన్నగారా! నోటికొచ్చినట్టు మాట్లాడకు. మా నాన్నగారు ఎప్పుడు వంగారు?"

"మీరు ఇంట్లో లేనప్పుడల్లా."

లలితాంబ బొమ్మను అరచేతిలోకి తీసుకుంది.

"నడుము నిలబడక ఈ కండువా బిగించి కట్టుకునేవారు. నేనే కట్టేదాన్ని. నా భుజం పట్టుకుని పెరట్లోకి వెళ్ళి వచ్చేవారు. మీ స్కూటరు మలుపు తిరగ్గానే ఆయనకి తెలిసిపోయేది. 'అమ్మాయ్, వాడొస్తున్నాడు, ముడి విప్పు' అనేవారు. కండువా భుజాన వేసుకుని, గుమ్మం పట్టుకుని, పళ్ళ బిగువున నిలబడేవారు. 'వచ్చేవా నాయనా' అనేవారు. మీరు చొక్కా మార్చుకునేలోగా మంచంమీద కూలబడేవారు. మీరొచ్చి, 'నాన్నగారు అప్పుడే పడుకున్నారా' అని అడిగేవారు. పడుకోవడం కాదండి అది."

"నాకు... నాకెందుకు చెప్పలేదు?"

"ఒట్టేయించుకున్నారు. 'వాడు పదిమందికి చదువు చెప్పేవాడమ్మా, నా నడుము వాడి మనసులో పడితే పాఠం సాగదు' అన్నారు. ఆయన పోయాక మీరు పురాణంలో ఆ వెన్ను గురించి చెబుతుంటే, జనంలో కూర్చుని నేనూ దణ్ణం పెట్టేను. ఇవాళ నోరు జారింది." ఆమె కళ్ళలో నీరు తిరిగింది. "ఆ వంపు చూసినదాన్ని నేనొక్కదాన్నే. నేను పోతే అది చూసినవాళ్ళే ఉండరు. అందుకని చేసుకున్నాను."

బొమ్మను బల్లమీద పెట్టి ఆమె లోపలికి వెళ్ళిపోయింది.

మూర్తిగారు దాని ఎదుట కూర్చున్నారు. నిటారైన వెన్ను. భుజాన కండువా. నడుమున బీట. ఉదయం తన వేళ్ళు చేసినది, తండ్రి ప్రతి సాయంత్రం తనకోసం చేసుకున్నదేనని ఆయనకు మెల్లగా తెలిసివచ్చింది. జీవితమంతా పాఠాంతరాలు పరిశీలించిన కళ్ళు అవి. గుమ్మం పట్టుకున్న ఆ చేతివేళ్ళు ఎందుకు తెల్లబడి ఉండేవో ఒక్కనాడూ చూడలేదు.

ఆ సాయంత్రం ఆలయంలో ఆయన తండ్రి మాట ఎత్తలేదు.

మర్నాడు లలితాంబ బల్ల దగ్గరకు రాలేదు. గ్రూపులో వస్తున్న సందేశాలు చదవలేదు. మధ్యాహ్నం దాటాక మూర్తిగారే మట్టిముద్ద మీది తడిగుడ్డ తీసి పిసకడం మొదలుపెట్టారు. మట్టి వేళ్ళకు అంటుకుని, పంచెకు అంటుకుని, చివరకు కళ్ళద్దాలకు కూడా అంటుకుంది.

"అలా కాదండి, నీళ్ళెక్కువైపోయాయి," అంటూ లలితాంబ ఉండబట్టలేక వచ్చింది.

"మళ్ళీ చెయ్యవే."

"నావల్ల కాదు. ఆ వంపు కుదరదింక. ఎదురుగా ఎవరైనా ఉంటే చూసి చెయ్యొచ్చు గాని..."

ఫణిశ్రీ కాఫీ గ్లాసు పెడుతూ నెమ్మదిగా అంది. "మావయ్యగారు కూర్చుంటే సరిపోతుందండి. రోజూ తులసికోట దగ్గర చూస్తున్నాను. అచ్చం ఆ బొమ్మలాగే ఉంటున్నారు."

"నేనా!" అని కోడలికేసి ఉరిమి చూశారు మూర్తిగారు. లలితాంబ ఖండించలేదు. ఆయన చూపు దిగిపోయింది. పక్కకు తిరిగి స్టూలుమీద కూర్చున్నారు.

ఆమె ఆయన భుజంమీది కండువా తీసి, నడుము చుట్టూ తిప్పి ముడివేసింది. "బిగుతుగా ఉందాండీ?"

"హాయిగా ఉందే," అన్నారాయన, తనకే వింతగా.

చేతులు పనిలో పడ్డాయి. తీగ వంగింది, మట్టి దానిమీద కూర్చుంది. లలితాంబ తనకు తెలియకుండానే నామాలు పైకి చదవడం మొదలుపెట్టింది. ఎన్నో ఏళ్ళ తర్వాత ఆ ఇంట్లో వినిపించిన నామాలు. ఒకచోట ఒత్తు జారింది. మూర్తిగారి పెదవి కదిలింది. మళ్ళీ మూసుకుంది. ఆమె తరువాతి నామంలోకి వెళ్ళిపోయింది.

వీధి గేటు ముందు బైకు ఆగిన చప్పుడు. ధవళేశ్వరంలోని ఆఫీసు నుంచి కొడుకు మణిశంకర్ వచ్చాడు.

మూర్తిగారి వెన్ను నిటారుగా లేచింది. చేయి నడుము దగ్గరి ముడిమీదకు వెళ్ళింది. సగం విప్పింది కూడా. అప్పుడు ఆయన చూపు లలితాంబ మీద పడింది. ఆమె మట్టిచేతులు గాలిలో ఆపి, ఆ చేతినే చూస్తూ ఉంది.

చేయి ఆగింది. ముడిని మళ్ళీ బిగించుకుంది. వెన్ను తన చోటికి తాను మెల్లగా వాలింది.

మణిశంకర్ హెల్మెట్ తీస్తూ లోపలికి వచ్చాడు. "ఏంటి నాన్నగారూ, నడుముకి ఆ కట్టేంటి? నొప్పా?"

"అవున్రా," అన్నారు మూర్తిగారు. "నొప్పే. చాన్నాళ్ళబట్టీ."

కొడుకు హెల్మెట్ కింద పెట్టేసి, వెనుకగా వచ్చి, తండ్రి నడుముమీద చేయి వేశాడు. "నాకు చెప్పొద్దూ?"

లలితాంబ కళ్ళు తుడుచుకుందామంటే చేతుల నిండా మట్టి. భుజంతో చెంప ఒత్తుకుంటూ, "ఇద్దరూ కాసేపు అలాగే ఉండండి. కదలకండి," అంది.