మంచం మీద సూట్‌కేసు

నోరీనా కనబడటం లేదు.

వెనిస్‌లో నవంబర్ ఉదయం. సముద్రపు నీటిని ఆపే గేట్లు ఇంకా పూర్తికాని రోజులు. ఏడున్నరకు సైరన్ మోగింది. పదింటికల్లా లోతట్టు వీధుల్లో తొడల దాకా నీళ్ళొస్తాయని హెచ్చరిక.

ఇన్‌స్పెక్టర్ ఓర్నెల్లా జెన్నారో గమ్‌బూట్లతో ఆ అద్దెగదిలోకి వచ్చేసరికి తొమ్మిది దాటింది. నేల మీద అప్పటికే చీలమండ లోతు నీళ్ళు. బయట పోలీసు పడవ కాలవలో గాలాలు వేసి వెతుకుతోంది.

గదిలో ఇద్దరున్నారు. నోరీనా భర్త హెన్రిక్, డెన్మార్క్ మనిషి. మూడో అంతస్తులో ఉండే ఇంటి ఓనరు అడేలే.

"మీ ఆవిడని ఆఖరిసారి ఎప్పుడు చూశారు?"

"ఏడింటికి. నిద్రపోతోంది. మందుల షాపుకి వెళ్ళి ఎనిమిదింటికి వచ్చాను. లేదు."

"తాళం వేయలేదా?"

"వేస్తే భయపడి ఏడుస్తుంది మేడమ్. మతిమరుపు జబ్బు. ఒక్కోరోజు నన్నే గుర్తుపట్టదు."

అడేలే గొంతు సవరించుకుంది. "రాత్రి ఈయన అరుపులు మూడో అంతస్తు దాకా వినబడ్డాయి తల్లీ. వెనక తలుపు తీస్తే కాలవే. ఇంక నన్నేం చెప్పమంటావు?"

హెన్రిక్ కాదనలేదు. "అరిచాను. నా పేరు చెప్పమని అరిచాను."

ఆ మాటతో కూలబడిపోయాడు పాపం.

"ఆవిడది ఈ ఊరే. ముప్పై అయిదేళ్ళ కిందట టూరిస్టుగా వచ్చాను. బూటు మడమ ఊడింది. బాగు చేయించుకుందామని వెళ్తే ఆ దుకాణంలో తను పనిచేస్తోంది. మళ్ళీ ఈ ఊరు చూస్తే నేనూ గుర్తొస్తాననుకున్నాను. నా బుద్ధి గడ్డి తిని తీసుకొచ్చాను. ఒంటి మీద కోటు కూడా లేదు మేడమ్. ఈ చలికి గంటసేపు నీళ్ళలో ఉంటే బతుకుతుందా?"

జెన్నారో గది చూస్తోంది. సూట్‌కేసు మంచం మీద. చుట్టిన తివాచీ బల్ల మీద. చెప్పులు బీరువా మీద.

"ఇవన్నీ పైన ఎవరు పెట్టారు?"

"ఈ ఓనరుగారే," అన్నాడు హెన్రిక్.

"నేనా? నువ్వే అనుకున్నానయ్యా," అంది అడేలే. "ఈ మోకాళ్ళతో పోలీసులొచ్చాకే కదా కిందికి దిగాను."

ఇద్దరూ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు.

"ఈ తలుపు వెనక గమ్‌బూట్లుండేవా?"

"ఎప్పుడూ ఉంటాయి," అని అడేలే వంగి చూసింది. లేవు.

"సైరన్ మోగినప్పుడు ఈ గదిలో ఉన్నది నోరీనా ఒక్కతే," అంది జెన్నారో. "ఈ ఊళ్ళో పెరిగినవాళ్ళు ఆ మోత వింటే నేల మీది సామాను పైకెత్తేస్తారు. తల మరిచినా చేతులు మరవలేదు. కాలవలో దూకే మనిషి బూట్లు వెతుక్కోదు. పనికి వెళ్ళే మనిషి వెతుక్కుంటుంది. ఇంట్లో సామాను సర్దేసింది. ఇంక ఎవరి సామాను ఎత్తాలి?"

హెన్రిక్ లేచాడు. "ఆ దుకాణం దగ్గరా వెతికాను. ఇప్పుడది గాజు బొమ్మల షాపు. షట్టర్ దించి ఉంది."

"సరుకంతా ఎక్కడ పెట్టేవాళ్ళు?"

"వెనక సందులో గోదాం..."

మాట పూర్తి కాకుండానే పరుగెత్తాడు.

గోదాం తలుపు చెక్క పుచ్చిపోయింది. నెట్టిన గుర్తుంది. లోపల మోకాళ్ళు దాటి నీళ్ళు. గాజు బొమ్మల పెట్టెలు సగం అప్పటికే అరల మీదికెక్కాయి. పొడుగాటి పెట్టె ఒకటి ఒక చివర పట్టుకుని నోరీనా ఎత్తలేక అవస్థపడుతోంది. పెదవులు నీలంగా ఉన్నాయి.

"నోరీనా."

ఆవిడ తిరిగి చూసింది. ఎవరో పరాయి మనిషిని చూసినట్టే చూసింది.

"దుకాణం ఇంకా తెరవలేదు. ఏం కావాలి?"

హెన్రిక్ కళ్ళ వెంట నీళ్ళు కారిపోతున్నాయి. తుడుచుకోలేదు.

"బూటు మడమ ఊడింది."

"చూద్దాంలే. ముందు ఆ చివర పట్టుకో. ఇదొక్కటీ పెడితే మిగతావి తర్వాత."

ఆవిడ మీద కప్పడానికి జెన్నారో తన కోటు విప్పింది. కానీ పెట్టె పైకెక్కేదాకా ఆగింది.

హెన్రిక్ పట్టుకున్నాడు. ఇద్దరూ కలిసి పెట్టెను అర మీదికి ఎక్కించారు.

నోరీనా చేతులు దులుపుకుంది. "నీ పేరేంటి?"

"హెన్రిక్," అన్నాడతను. ఈసారి అరవలేదు.