ఉప్పు లేని ముద్దలు

ఆదివారం పొద్దున ఆ ఇంట్లో వంటగది కోడలిది. మిగతా రోజుల్లో అత్తగారు ఏలుకునే ఆ రాజ్యాన్ని ఆ ఒక్క పూటకీ కోడలు స్వాధీనం చేసుకునేది. జుట్టు ముడేసుకుని, చేతులు మోచేతుల దాకా కడుక్కుని ఆవిడ పొయ్యి ముందు నిలబడిందంటే, కాఫీ కోసం మొగుడు కూడా గుమ్మం దగ్గరే ఆగి గొంతు సవరించుకోవాల్సిందే.

క్యారెట్లు ఒక గిన్నెలో, గుమ్మడి ముక్కలు ఇంకో దాంట్లో, బఠాణీలు వేరే, ఆపిల్ వేరే ఆవిరి మీద ఉడికేవి. చల్లారాక దేనికది మెత్తగా రుబ్బి ఐస్ ట్రేల గళ్ళలో పోసి ఫ్రీజర్‌లో పెట్టేది. గడ్డకట్టిన ఆ రంగురంగుల ముక్కల్ని డబ్బాల్లోకి ఎత్తితే వారానికి సరిపడా పాప తిండి సిద్ధం. ఉప్పు వేయకూడదు, చక్కెర వేయకూడదు, బజారు పొడులు గుమ్మం తొక్కకూడదు. కోడలు పనిచేసేది నీళ్ళు పరీక్షించే ల్యాబ్‌లో. అక్కడి గాజు సీసాలకు ఎంత మర్యాద జరిగేదో ఇంట్లో పాప చెంచాలకూ అంతే మర్యాద జరిగేది.

ల్యాబ్‌లో పిల్లలున్న ఆడవాళ్ళందరికీ ఆవిడే సలహాదారు. "పిల్లకి ఏం పెడుతున్నావు?" అని ఎవరైనా అడగడమే పాపం, టీ చల్లారిపోయేదాకా చెప్పేది. అలాంటి మనిషికి నిన్న సాయంత్రం పిల్లల డాక్టర్ దగ్గర తల కొట్టేసినట్టయింది.

పాపని తూకం బల్ల మీద కూర్చోబెట్టిన డాక్టరమ్మ, కిందటిసారి బరువూ ఇప్పటి బరువూ చూసి కళ్ళజోడు పైకి తోసుకుంది. "ఏమ్మా, పాప ఇంట్లో సరిగ్గా తింటోందా? పెరగాల్సినంత పెరగలేదే" అంది. జబ్బేమీ లేదు, తిండే చాలడం లేదంది. తలుపు తెరిచే ఉంది. బయట బెంచీ మీద ల్యాబ్‌లో పనిచేసే ఒకావిడ, పోయిన వారమే గుమ్మడికాయ ఎలా ఉడకబెట్టాలో ఈవిడ దగ్గర పాఠం విన్నావిడ, తన పిల్లాణ్ణి ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. చూసీ చూడనట్టు నవ్వింది. ఆ నవ్వు కోడలి వెంట ఇంటిదాకా వచ్చింది.

ఆ కడుపుమంటతోనే ఈ పొద్దున ఫ్రీజర్ తెరిచింది. పాప సరిగ్గా తినకపోతే కనీసం కొన్ని ముక్కలైనా మిగలాలి. డబ్బాలన్నీ ఖాళీ.

"అత్తయ్యా, ముక్కలన్నీ అయిపోయాయా?"

"అయిపోయాయమ్మా. ఈమధ్య పండుకి ఆకలి బాగా పెరిగింది. ఇంకో రెండు ముక్కలు వెయ్యమని మీ మామయ్య రోజూ అడుగుతారు" అంది అత్తగారు సంబరంగా. మనవరాలికి పండు అని పేరు పెట్టింది ఆవిడే.

ఆ ఇంట్లో పద్ధతి ఇది. కొడుకూ కోడలూ ఉద్యోగాలకు వెళ్ళాక అత్తగారు ముక్కలు కరిగించి, వేడి చేసి, గిన్నె తాతగారి చేతిలో పెట్టేది. తాత పండుని ఒళ్ళో కూర్చోబెట్టుకుని, కిటికీలోంచి బస్సులు చూపిస్తూ తినిపించేవాడు. ఆయన ఒకప్పుడు బస్సు కండక్టర్. ఆయన "రైట్ రైట్" అంటే వీధి చివరిదాకా వినపడేది. ఈమధ్య ఆ గొంతు తగ్గింది. పెద్దతనం అనుకున్నారు అందరూ.

"ఆకలి పెరిగితే బరువెందుకు పెరగలేదు?" అంది కోడలు.

కోడలు టీ పొడి డబ్బా కోసం చెయ్యి చాచింది. డబ్బా వెనక సగం ఖాళీ అయిన బిస్కెట్ల పొట్లం దొరికింది. ఇక చెప్పాలా?

"అర్థమైంది. పాపకి వీటిని పెట్టేసి, నేను చేసిన తిండి సింకులో పోస్తున్నారు. గిన్నె ఖాళీ, పిల్ల కడుపూ ఖాళీ."

"నేనా? పండు తిండి నేను పారబోస్తానా?" అత్తగారి చేతిలో గిన్నె అలాగే ఉండిపోయింది. "అవి మీ మామయ్యకమ్మా. టీలో ముంచుకుంటారని తెచ్చాను."

"మామయ్య బిస్కెట్లు ముట్టరని మీరేగా అంటారు? పిల్లల తిండి అని ఎగతాళి చేసే మనిషి ఇప్పుడు టీలో ముంచుకుంటున్నారా? ఎవరికి చెబుతారు అత్తయ్యా?"

గొడవ విని కొడుకు వచ్చాడు. ఇద్దరి మధ్యా నిలబడి, ఎటు మాట్లాడితే ఎటు నిప్పు రాజుకుంటుందో తెలియక ఒకసారి అటూ ఒకసారి ఇటూ చూశాడు. ముందుగదిలో కుర్చీలో ఉన్న తాతగారి దగ్గరికి కోడలు విసురుగా వెళ్ళింది.

"మీరు చెప్పండి మామయ్యా. పెట్టేది మీరేగా. పాప మొత్తం తింటోందా?"

ఆయన గోడవైపు చూశాడు. "గిన్నె ఖాళీ అవుతోందమ్మాయీ" అన్నాడు మెల్లగా.

"చూశారా, ఆయనకీ తెలియదు. వంటగదిలో ఏం జరుగుతోందో ఆయనకేం తెలుస్తుంది?" అని కోడలు అత్తగారి వైపు తిరిగింది. "రేపటి నుంచి పాప డే కేర్‌కి వెళుతుంది. డబ్బా కట్టి ఇస్తాను. వాళ్ళు కనీసం నిజం చెబుతారు."

ఆ మాటతో ఇల్లు చల్లబడింది. అత్తగారు ఏడవలేదు. చేతులు తుడుచుకుని, వంటగది గుమ్మం దాటి, తన గదిలోకి వెళ్ళి కూర్చుంది. ఆ రోజంతా పాపని ఎత్తుకోలేదు. పాప వచ్చి కాళ్ళకి చుట్టుకుంటే, "మీ అమ్మ దగ్గరికి వెళ్ళు తల్లీ, నా చేతులు మంచివి కావు" అంది. తాతగారు కడుపులో మంటగా ఉందని చెప్పి పాలు తాగి పడుకున్నాడు. ఆయనకి కడుపులో మంట ఈమధ్య తరచుగా వస్తోంది. అది కూడా పెద్దతనమే అనుకున్నారు.

సోమవారం పొద్దున కోడలు సంచీ సర్దింది. పాప బట్టలు, గిన్నె, మూత ఉన్న కప్పు, కొత్తగా చేసిన ముద్దల డబ్బా. బయల్దేరే ముందు తనే నాలుగు ముద్దలు తినిపిద్దామని పాపని కుర్చీలో కూర్చోబెట్టి, గుమ్మడికాయ ముద్ద చెంచాతో అందించింది.

పాప నోరు తెరవలేదు.

"ఆ అను తల్లీ. ఆఁ..." పాప తల తిప్పేసింది. విమానం వచ్చింది, పిట్ట వచ్చింది, అయినా నోరు తెరుచుకోలేదు. కోడలికి కన్నీళ్ళొక్కటే తక్కువ. కన్నతల్లి చేతి ముద్ద పిల్ల తినకపోవడం అత్తగారు గదిలోంచి చూస్తోందని తెలుసు. అందుకు ఇంకా చిన్నతనంగా ఉంది.

"తాతా" అంది పాప, కిటికీ దగ్గరున్న కుర్చీకేసి చేతులు చాచి. అల్లరి భరించలేక కొడుకు పాపని ఎత్తి తాత ఒళ్ళో దించాడు. కోడలు గిన్నె పట్టుకుని వెంటే వెళ్ళింది.

పాప తాత చొక్కా జేబులో చెయ్యి పెట్టింది. ఆయన గబుక్కున జేబు మూసుకోబోయాడు కానీ ఆ బుల్లి వేళ్ళు అప్పటికే పని కానిచ్చేశాయి. జేబులోంచి ఒక స్టీలు చెంచా బయటికి వచ్చింది. పాప ఆ చెంచాని అమ్మ చేతిలోని గిన్నెలో ముంచింది. సగం చొక్కా మీద ఒలకబోస్తూ తాత నోటి దగ్గరికి తీసుకెళ్ళింది.

"తాతా, ఆ."

తాత మొహం తిప్పుకున్నాడు. పాప ఊరుకోలేదు. "తాతా, ఆ! ఆ!" అని ఏడుపు మొదలుపెట్టింది. ముందు తాత తినాలి, ఆ తర్వాతే తను. రోజూ అలాగే కదా!

కోడలు ఆ చెంచాని చూసింది. తాతగారి మొహం చూసింది. చాలాకాలంగా ఆయన్ని చూడనేలేదని అప్పుడు తెలిసింది. బుగ్గలు లోపలికి పోయాయి. ఈమధ్యే కొడుకు కట్టించిన పళ్ళ సెట్టు నోట్లో లేదు. బెల్టుకి కంపెనీ వేసిన రంధ్రాలు చాలక, మేకుతో పొడిచిన రంధ్రం ఒకటి లోపలికి కనిపిస్తోంది.

"మామయ్యా" అంది. "మీ పళ్ళ సెట్టు ఏది?"

ఆయన ప్యాంటు జేబులోంచి రుమాలు మూట తీశాడు. అందులో ఉంది, కొత్తదానిలా మెరుస్తూ.

"ఇది పెట్టుకుంటే చిగుళ్ళు కోసుకుపోతున్నాయమ్మాయీ. నలుగురిలో పెట్టుకుంటాను, తర్వాత తీసేస్తాను. దీంతో ఏమీ నమల్లేను."

"ఎందుకు చెప్పలేదు నాన్నా?" అన్నాడు కొడుకు.

"నువ్వు సెలవు పెట్టి నన్ను పళ్ళ డాక్టర్ చుట్టూ తిప్పావు. బాగా కుదిరింది అని డాక్టర్ ముందు నేనే తలూపాను. ఇప్పుడు బాగోలేదంటే ఏ మొహం పెట్టుకుని చెప్పను?" ఆయన కళ్ళు రుమాలు మీదే ఉన్నాయి. "ఒకరోజు పండు ముద్ద కాలుతోందేమో చూద్దామని నోట్లో వేసుకున్నాను. చాలా రోజులకి నొప్పి లేకుండా మింగిన ముద్ద అది. మర్నాడు ఇంకోటి తిన్నాను. తర్వాత ఆటైపోయింది. దానికో చెంచా, నాకో చెంచా. దాని వాటా తగ్గకూడదనే ఇంకో రెండు ముక్కలు వెయ్యమనేవాణ్ణి. కానీ ఆకలమ్మాయీ, చెయ్యి ఆగేది కాదు. నీ శుభ్రం సంగతి నాకు తెలుసు, అందుకే నా చెంచా వేరే పెట్టుకున్నాను."

చివరి మాటకి ఎవరైనా నవ్వాలి. ఎవరూ నవ్వలేదు.

"పసిదాని నోటి దగ్గర కూడు తిన్నాను" అన్నాడాయన, రుమాలుతో మొహం కప్పుకుని.

అత్తగారు గది గుమ్మంలో నిలబడి ఉంది. "ఏమండీ" అంది. ఆ పిలుపులో కోపం ఎంతో, బాధ ఎంతో చెప్పలేం. "నిన్న నా మీద అంత నింద పడుతుంటే, గోడకేసి చూస్తూ కూర్చున్నారా?"

"కూర్చున్నానే."

"నాకైనా చెప్పకూడదా? ఉప్పు కాస్త తగ్గితే కంచం నెట్టేసే మనిషి, ఆ ఉప్పు లేని ముద్దలు ఎలా తిన్నారండీ?" అని అక్కడే గోడకి చేరబడి ఏడ్చేసింది. "బిస్కెట్ టీలో ముంచుతున్నప్పుడైనా నాకు తట్టలేదు. వడ్డించాను గానీ, నమిలారో లేదో చూడలేదు."

కోడలికి భూమి చీలి లోపలికి వెళ్ళిపోతే బాగుండుననిపించింది. పాప కోసం చేసిన ప్రతి ముద్దా తనకి తెలుసు. ఏ గిన్నెలో ఏది ఉడికిందో తెలుసు. అదే ఇంట్లో, అదే కిటికీ దగ్గర ఒక మనిషి ఆకలితో చిక్కిపోతుంటే తెలియలేదు. పైగా, బెంచీ మీద ఎవరో నవ్వినందుకు ఇంట్లో తల్లిలాంటి మనిషిని దొంగని చేసింది. ఎంత సిగ్గుగా ఉందంటే, తలెత్తి అత్తగారి మొహం చూడలేకపోయింది.

"అత్తయ్యా, తప్పు చేశాను. నన్ను..."

"ఆగమ్మా" అంది అత్తగారు, కళ్ళు తుడుచుకుంటూ. "నువ్వన్న మాట ఇంకా గుచ్చుకుంటూనే ఉంది. పోవడానికి టైం పడుతుంది, పట్టనీ. ముందు ఆయన సంగతి చూడు."

కోడలు కుర్చీ ముందు మోకాళ్ళ మీద కూర్చుంది. తాతగారి చేతిలోంచి రుమాలు మెల్లగా తీసింది.

"ఆ అనండి మామయ్యా."

"వద్దమ్మాయీ, అసహ్యంగా ఉంటుంది."

"పాపకి మొదటి పన్ను వచ్చినప్పుడు రోజూ వేలు పెట్టి చూశాను. మీ నోరు చూడ్డానికి నాకేం అసహ్యం? ఆ అనండి."

ఆయన నోరు తెరిచాడు. పాప కూడా తనకే చెప్పారనుకుని బార్లా తెరిచింది. లోపల ఎర్రగా ఒరుసుకుపోయిన చిగుళ్ళు, తెల్లటి పుళ్ళు. కోడలు పెదవి కొరుక్కుని చూసింది, కన్నీళ్ళు ఆగలేదు. కొడుకు అప్పటికే ఫోన్ తీసి పళ్ళ డాక్టర్‌కి చేస్తున్నాడు, ఇంకో చేత్తో కళ్ళు ఒత్తుకుంటూ.

డే కేర్ సంచీ గుమ్మం దగ్గరే ఉండిపోయింది. కోడలు ల్యాబ్‌కి రావడం లేదని చెప్పి, వంటగదిలోకి వెళ్ళి, ఎప్పుడూ తీసే చిన్న గిన్నె పక్కన పెట్టి పెద్దది తీసింది. అన్నం మెత్తగా ఉడికించింది. క్యారెట్లు, బఠాణీలు, ఒక గుడ్డు కలిపి మెదిపింది. పాప వాటా ముందే తీసి పక్కన పెట్టింది. మిగిలినదాంట్లో ఉప్పు వేసి, మిరియాల పొడి వేయబోయి, ఆ పుళ్ళు గుర్తొచ్చి ఆగిపోయింది. తాతగారికి కంచంలో పెట్టి ఇచ్చింది. గిన్నెలో కాదు, ఆయన కంచంలోనే.

ఆయన తన స్టీలు చెంచాతో ఒక ముద్ద తిన్నాడు. ఎదురుగా పండు తన గిన్నెలోంచి, అమ్మమీద అలక మానేసి, నోటినిండా తింటోంది.

"ఎలా ఉంది మామయ్యా?"

"బాగుందమ్మాయీ, బ్రహ్మాండంగా ఉంది" అన్నాడు, అలవాటుగా.

"నిజం చెప్పండి" అంది వెనకనుంచి అత్తగారు.

ఆయన తల దించుకున్నాడు. చెంచా కంచంలో కాసేపు తిప్పాడు. తప్పు ఒప్పుకునే పిల్లాడిలా అన్నాడు.

"ఉప్పు తగ్గింది."

కోడలు గభాలున లేచింది. ఏడుస్తోందో నవ్వుతోందో తనకే తెలియలేదు. ఉప్పు డబ్బా కోసం వంటగదిలోకి పరుగెత్తబోయింది. అప్పటికే అత్తగారు దాన్ని పట్టుకుని గుమ్మంలో నిలబడి ఉంది. కోడలి మొహంలోకి చూడకుండానే డబ్బా మూత తీసి, తెచ్చి ఆమె చేతిలో పెట్టింది.

"నువ్వే వెయ్యమ్మా" అంది.