లూసింగ్ లేచిన నలభై ఎనిమిది బొమ్మలు

"నేను సింగపూర్ నుంచి వచ్చినదాన్ని అనుకో. నువ్వు నాకు బొమ్మలు వేసిపెట్టాలి. చెప్పు, ఎంత తీసుకుంటావ్?" వెల్లుల్లి వేపుడన్నం కలియబెడుతూ అడిగింది మారివిక్.

బల్ల దగ్గర ఎండుచేప ముల్లు తీసుకుంటున్న లివాయ్ తల దించుకుని నసిగింది. "అంటే... మీ ఇష్టం మేడం. మీకెంత ఇవ్వాలనిపిస్తే అంత..."

"అదిగో, మళ్ళీ అదే!" మారివిక్ గరిటెని పెనం అంచుకేసి కొట్టింది. "మీ ఇష్టం అన్న మాట ఈ ఇంట్లో ఇంకోసారి వినిపించిందో, ఈ గరిటె నీ నెత్తినే పడుతుంది!"

పాపం, లివాయ్ తప్పేం లేదు లెండి. మా మరికినా ఊళ్ళో బూట్లు కుట్టేవాణ్ణి అడిగినా, ఫ్యాను బాగుచేసేవాణ్ణి అడిగినా ముందు వచ్చే మాట అదే. నోరు తెరిచి ధర చెప్పడమంటే మాకు సిగ్గు. ఆ సిగ్గు వదిలించడమే మారివిక్ ఉద్యోగం. కార్టూన్ బొమ్మలు కదిలించడం నేర్చుకునే ఆఖరి ఏడాది పిల్లలకి, సొంతంగా పని తెచ్చుకుని ఎలా బతకాలో ఆవిడ కాలేజీలో నేర్పుతుంది. ఆవిడ పాఠమంతా మూడు ముక్కల్లో ఉంటుంది. బొమ్మ కింద నీ పేరు రాయి. నీ రఫ్ బొమ్మ పారెయ్యకు. నీ ధర నువ్వే చెప్పు. లివాయ్ కూడా ఆ క్లాసులోనే ఉంది. కన్నకూతురని అక్కడేం మినహాయింపు లేదు.

కిటికీ దగ్గర కాఫీలో రొట్టె ముంచుకుంటున్న ముసలాయన కిసుక్కున నవ్వాడు. ఆయన మారివిక్ తండ్రి, పేరు తియోడొరో. వీధికంతటికీ దోరో, లివాయ్‌కి లోలో, అంటే తాతయ్య; అమ్మమ్మైతే లోలా.

"మా రోజుల్లో ఈ బేరాల గోలే లేదు తల్లీ. మా కార్టూన్ స్టూడియోలో నూట యాభై బల్లలు, ఒక్కోదానికీ గాజు కింద లైటు. అందరూ ఒకేసారి కాగితాలు తిప్పుతుంటే రేకుల మీద వాన పడ్డట్టుండేది. నాలుగింటికి వేడివేడి పాన్సిట్ నూడుల్స్ వచ్చేవి. రేడియోలో మంచి పాటొస్తే నూట యాభై మందీ అందుకునేవాళ్ళం. మీ అమ్మని అడుగు, అన్నం కేరేజీ తెచ్చి నా బల్ల కిందే నిద్రపోయేది."

మారివిక్ మొహం మెత్తబడింది. ఆ బల్ల కింద పెన్సిల్ పొట్టు వాసన, పైన నాన్న కాలు తాళం వెయ్యడం ఆవిడకింకా గుర్తే. దోరోది ఫెయిర్ చేసే పని. ఎవరో పెద్ద ఆర్టిస్టు వేసిన రఫ్ బొమ్మ మీద తెల్లకాగితం పెట్టి, కింది లైటు వెలుగులో సన్నటి ఒక్క గీతతో శుభ్రంగా దింపడం. ముప్పై ఒక్క ఏళ్ళు చేశాడు. ఎక్కడెక్కడి దేశాల పిల్లలో ఆ కార్టూన్లు చూసి నవ్వారు.

"సరే, లే. స్కానర్ దగ్గర నీ వంతు పదకొండింటికి. రెండింటికి ఆవిడ వచ్చేస్తుంది" అంది మారివిక్ కూతురితో.

ఆవిడంటే సింగపూర్ మిస్ టాన్. పిల్లల కథలకి కదిలే బొమ్మలు కావాలిట. ఇవాళ అందరి పనీ చూసి ఒక్కరికే ఏడాది పని ఇస్తుంది. ఒక పాత్ర లేచి నిలబడే బొమ్మల వరస చెయ్యమంది. అదీ రఫ్‌లోనే, ఎవరి చెయ్యి ఎలాంటిదో తెలియాలని. ఈ పని దొరక్కపోతే సోమవారం నుంచి లివాయ్ కాల్ సెంటర్లో చేరాలి. వస్తుందని అక్కడ మాట ఇచ్చేశారు. చేరితే ఇక పెన్సిల్ పట్టుకునే ఓపిక ఉండదని ఆ పిల్లకి తెలుసు.

లివాయ్ అట్ట ఫైలు విప్పింది. పై కాగితం తీసింది. దాని కిందది, దాని కిందది...

"అమ్మా!"

ఆ కేకకి మారివిక్ గరిటెతోనే పరుగెత్తింది. ఫైల్లో నలభై ఎనిమిది కాగితాలూ ఉన్నాయి, కానీ ఒక్కటీ లివాయ్ గీసింది కాదు. లివాయ్ వేసిన ముసలావిడే, ఆ పీటే. చుట్టూ సన్నటి నల్లటి గీత, ఎక్కడా వణుకు లేదు, పెన్సిల్ మరక లేదు.

దోరో కాఫీ కప్పు పట్టుకుని వెనకాలే వచ్చాడు. మొహం వెలిగిపోతోంది. "ఎలా ఉన్నాయి? మూడు రోజులు పట్టింది! మీరిద్దరూ కాలేజీకి పోవడం, నేను బల్ల లైటు వెయ్యడం. రఫ్ చూస్తే నా ప్రాణం ఉసూరుమంది. గీత గీతకీ వణుకే! పరాయి దేశం మనిషి ముందు అలాంటివి పెడితే ఇంటి పరువేం కాను?"

"రఫ్‌లు ఎక్కడ లోలో?" లివాయ్ ఫైలంతా తిరగేసింది.

"రఫ్‌లా? ఫెయిర్ అయ్యాక రఫ్‌లు ఎవరు దాస్తారే? మా స్టూడియోలో ఏ రోజువి ఆ రోజే చెత్తలోకి పోయేవి. పొద్దున సీసాలూ పేపర్లూ బండివాడొస్తే, పాత పేపర్లతో పాటు కట్టి ఇచ్చేశాను."

లివాయ్ నేల మీద కూలబడి ఏడ్చింది. "అది లోలా... ఆ ముసలావిడ మన లోలా లూసింగ్! కుడిచెయ్యి మోకాలి మీద పెట్టి, ఒక్క క్షణం ఆగి, 'ఇదిగో, లేచా' అంటూ లేచేది చూడు, అది వేశాను. ఆ నొప్పి మోకాల్ని నువ్వు బాగుచేసేశావు లోలో! ఇందులో ఎవరో పద్దెనిమిదేళ్ళ పిల్లలాగా లేస్తోంది!"

"మీ లోలానా?" దోరో బిత్తరపోయాడు. "నేను... గీత చూశానే గానీ..."

మారివిక్ ఇక ఆగలేకపోయింది.

"గీతే చూస్తావు నాన్నా! జన్మంతా గీతే చూశావు. వాళ్ళు నీ చెయ్యి కనపడకూడదన్నారు, నువ్వు చెరిపేసుకున్నావు. శనివారం శనివారం టీవీ ముందు నన్ను ఒళ్ళో పెట్టుకుని, కార్టూన్ అయ్యాక ఆఖరి పేరు దాకా చూసేవాడివి, నీ పేరొస్తుందేమోనని. వచ్చిందా ఒక్కసారైనా? స్టూడియో మూసేశాక బూట్లు పాలిష్ చేసుకుని వేరే ఉద్యోగం అడగడానికెళ్ళావు. నీ బొమ్మలేవీ, చూపించమన్నారు. ముప్పై ఒక్క ఏళ్ళు గీసినవాడి చేతిలో ఒక్క కాగితం లేదు! తిరిగొచ్చి మన ఇంటి మెట్ల మీద బూట్లు విప్పకుండా కూర్చుండిపోయావే, ఆ రోజు చూశాను నాన్నా నిన్ను. ఇంకెవరి పిల్లలకీ అలా జరక్కూడదనే ఈ పాఠం పెట్టుకున్నాను. చివరికి నా ఇంట్లోనే, నీ చేత్తోనే, నా కూతురికి..."

దోరో కప్పు బల్ల మీద పెట్టాడు. స్లిప్పర్లు వేసుకుని వీధిలోకి వెళ్ళిపోయాడు.

"ఎక్కడికి నాన్నా?" వెనక నుంచి అరిచింది మారివిక్.

"బండివాడి దగ్గరికి!"

తల్లీ కూతుళ్ళు ట్రైసికిల్ ఆటో ఎక్కి ఆయన్ని మలుపులో అందుకున్నారు. ఏటి ఒడ్డున పాత సామాన్ల కొట్టు చేరేసరికి ఎనిమిదిన్నరైంది. కాగితాల కుప్ప నడుమెత్తు ఉంది. ముగ్గురూ అందులోకి దిగారు. కొట్టు యజమాని తల గోక్కున్నాడు. "అంచున మూడు చిల్లులున్న బొమ్మల కాగితాలా? ఉన్నాయండీ. కానీ ఎండుచేపలమ్మే ఆవిడ పొట్లాలకని మధ్యలోంచి కొన్ని తీసుకుపోయింది."

గంట వెతికితే నలభై ఒకటి దొరికాయి. వరస చూద్దామని దోరో వాటిని అలవాటుగా చిల్లుల వైపు పట్టుకుని బొమ్మ కదిలేలా బొటనవేలితో చకచకా జారవిడిచాడు.

లూసింగ్ పీట మీద కూర్చుని ఉంది. చెయ్యి మోకాలి మీద పెట్టింది. మోకాలు వణికింది. మధ్యలో కాగితాలు లేక ఒక్క గంతు, ఆ తర్వాత నిలబడి నడుం సర్దుకుంది.

మళ్ళీ జారవిడిచాడు. మళ్ళీ. ఆయన ఖాళీ సీసాల గోనె మీద కూర్చుండిపోయాడు. మూడేళ్ళయింది ఆవిడ పోయి. వంటగదిలో ఆ పీట ఇంకా ఉంది, లేచే మనిషే లేదు.

"నా లూసింగే" అన్నాడు. కళ్ళనీళ్ళు గడ్డం మీదికి కారాయి. "మూడు రోజులు నా చేతుల కిందే ఉంది. నేను దాన్ని గుర్తుపట్టలేదు మారీ. వణుకుంటే తప్పని దిద్దేశాను. నలభై నాలుగేళ్ళు కాపురం చేసినవాణ్ణి, దాని మోకాలు గుర్తుపట్టలేకపోయాను!"

మారివిక్‌కి పొద్దుటి కోపమంతా కరిగిపోయింది. చిత్తుకాగితాల్లోనే మోకాళ్ళ మీద కూర్చుని తండ్రి భుజం పట్టుకుంది. "అన్నేసి మాటలనకుండా ఉండాల్సింది నాన్నా" అంది.

"అన్నవన్నీ నిజాలే కదే." ముక్కు చీదుకుని కాగితాల అంకెలు చూశాడు. "పంతొమ్మిది నుంచి ఇరవై అయిదు దాకా లేవు. చెయ్యి మోకాలి మీంచి లేచే చోటు."

"అవే కష్టమైనవి" అంది లివాయ్ నీరసంగా. "వాటికే నాలుగు రోజులు పట్టింది. గంటలో మళ్ళీ నావల్ల కాదు లోలో."

"నేను గీస్తాను."

తల్లీ కూతుళ్ళు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. "నువ్వు మళ్ళీ ఫెయిర్ చేసేస్తావు నాన్నా" అంది మారివిక్ మెల్లిగా.

"నాకంటూ ఒక గీతుంటే కదే? ఎవరి బొమ్మ ఇస్తే వాళ్ళ చెయ్యిలా గీశాను ఇన్నేళ్ళూ. ఇవాళ నా మనవరాలి చెయ్యిలా గీస్తాను. మీ అమ్మ ఎలా లేచేదో నాకు చూపించక్కర్లేదు."

ఇంటికొచ్చి గాజుబల్ల లైటు వేశాడు. పద్దెనిమిదో బొమ్మా, ఇరవై ఆరో బొమ్మా కింద పెట్టి, పైన తెల్లకాగితం పరిచాడు. రబ్బరు మాత్రం లివాయ్ చేతికిచ్చి, "ఇది దాచెయ్యి, నా చెయ్యి ఊరుకోదు" అన్నాడు. గీస్తూ గీస్తూ కాలితో తాళం వేశాడు, ఏదో పాత పాట సన్నగా కూనిరాగం తీశాడు. మారివిక్ వెనక నిలబడింది. ఒకప్పుడు ఆ బల్ల కింద పడుకున్న అయిదేళ్ళ పిల్లకి తెలిసిన చప్పుడే అది. పదిన్నరకి ఏడు బొమ్మలూ అయిపోయాయి. ఏడింటిలోనూ మోకాలు నొప్పిగానే ఉంది.

రెండింటికి వచ్చిన మిస్ టాన్ అందరివీ చూసి, ఆఖరికి కాలేజీ గదిలో ఆ కాగితాలు ఒక్కొక్కటే తిప్పింది.

"ఒక సంగతి మేడం" అంది లివాయ్. "పంతొమ్మిది నుంచి ఇరవై అయిదు దాకా నావి కావు. నావి పోయాయి. అవి మా లోలో గీశారు."

మారివిక్ గుమ్మం దగ్గర నిలబడి వింటోంది. మిస్ టాన్ ఆ ఏడు కాగితాల్నీ పక్కవాటితో కలిపి వెలుగుకెత్తి చూసింది.

"చెప్పకపోతే నాకు తెలిసేదే కాదు" అంది. "నువ్వు చెప్పావు. ఏడాది పని నీకే, కథ తర్వాత కథ. నీ ధరెంత?"

లివాయ్ నోరు తెరిచింది. 'మీ ఇష్టం' నాలిక చివరిదాకా వచ్చింది. గుమ్మంలో అమ్మ కుడిచెయ్యి, గరిటె లేకపోయినా గరిటె పట్టుకున్నట్టే, పైకి లేచింది.

"బొమ్మ తెర మీద కదిలే ఒక్కో సెకనుకి రెండు వేల పెసోలు మేడం. రెండుసార్లు మార్పులు ఉచితం, మూడోసారి నుంచి వేరే. బొమ్మల కింద నా పేరుండాలి."

"సరే" అంది మిస్ టాన్. అంతే! మారివిక్ చెంగున గదిలోకొచ్చేసి కూతుర్ని వాటేసుకుంది.

సాయంత్రం పెద్ద హాల్లో పిల్లలందరి బొమ్మలూ తెర మీద వేశారు. దోరో ఆఖరి వరసలో, అప్పటి ఉద్యోగానికని పాలిష్ చేసుకున్న బూట్ల జత వేసుకుని కూర్చున్నాడు. తెర మీద లూసింగ్ చెయ్యి మోకాలి మీద పెట్టింది, ఒక్క క్షణం ఆగింది, లేచి నిలబడింది. ఎక్కడా గంతు లేదు. పిల్లలు చప్పట్లు కొట్టారు. తెర నల్లబడగానే దోరో కళ్ళు తుడుచుకుని పోదామన్నట్టు కదిలాడు. పేర్ల కోసం చూడ్డం ఆయన ఎప్పుడో మానేశాడు.

మారివిక్ ఆయన చొక్కా చెయ్యి పట్టుకుని కూర్చోబెట్టింది. "ఉండు నాన్నా. పేర్లు అవనీ."

తెల్లటి అక్షరాలు తెర మీద పైకి జరుగుతున్నాయి.

"కళ్ళజోడు తేలేదే నేను. ఏం రాసుంది?"

"బొమ్మలు, లివాయ్ సల్వదోర్." చదివింది మారివిక్. "దాని కింద... పంతొమ్మిది నుంచి ఇరవై అయిదు, తియోడొరో మగ్సినో."

ఆయన తెర వైపు ముందుకు వంగాడు.

"ఇంకోసారి చదువు తల్లీ."

చదివింది. మళ్ళీ అడిగితే మళ్ళీ చదివింది. అప్పటికి తెర ఖాళీ అయిపోయింది, హాల్లో లైట్లు వెలిగాయి, అందరూ లేస్తున్నారు. ముందు వరసలోంచి లివాయ్ జనాన్ని తోసుకుంటూ పరుగెత్తుకొస్తోంది.

దోరో కుడిచెయ్యి తన మోకాలి మీద పెట్టుకున్నాడు. ఒక్క క్షణం ఆగాడు.

"ఇదిగో, లేచా" అన్నాడు.

మారివిక్ ఏడుస్తూనే నవ్వేసి తండ్రికి చెయ్యి అందించింది.