రాయని ప్రయోగం

2069 నాటికి కొత్త పదార్థాన్ని కనిపెట్టడం అనే మాటే పాతబడిపోయింది. ఓడకు ఎలాంటి బ్యాటరీ కావాలో, వంతెనకు ఎంత బరువు మోసే లోహం కావాలో చెబితే చాలు, వారం తిరిగేలోగా భీమిలి తీరంలోని స్వయంశాల దాన్ని చేసి చూపించేది. అక్కడ పొడులు తూచేవీ, కొలిమిలో కాల్చేవీ, ఎక్స్‌రే కంటితో పరీక్షించేవీ మరచేతులే. తరువాత ఏ ప్రయోగం చేయాలో నిర్ణయించేది మేధ అనే కృత్రిమ బుద్ధి. అరవై ఏళ్ల ప్రయోగాల రికార్డులన్నీ దానికి కంఠతా వచ్చు.

ఆ శాలను రూపొందించిన పైడిమర్రి హేమలత కిందటేడు ఒక నియమం తెచ్చింది. మనుషులు భయంతోనో అసూయతోనో ప్రయోగాలను మధ్యలో ఆపకూడదు. ఋజువు చూపిస్తేనే మేధ ఆగుతుంది.

ఆ మధ్యాహ్నం తెర మీద మిశ్రమం పేరు చూసి ఆమె ఉలిక్కిపడింది. లిథియం, గంధకం, ఫాస్ఫరస్, మూసిన గాజుగొట్టం, నాలుగు వందల పది డిగ్రీలు. అప్పటికే మూడు వందలు దాటింది. కొలిమికి రెండడుగుల దూరంలో, మొరాయించిన మరచేతి కీలు బిగిస్తున్నాడు మరమ్మతులు చూసే అప్పలసూరి. గాలి చొరబడని ఆ గదిలో పక్కకు జరిగే చోటు లేదు, తలుపు తెరుచుకోవాలంటే పన్నెండు నిమిషాలు. గొట్టం ఆ వేడిని అందుకోవడానికి ఏడే. కరెంటు తీసేస్తే అతని ముసుగులోకి వెళ్లే గాలీ ఆగిపోతుంది.

“మేధా, కొలిమి ఆపు. ప్రమాదం.”

“ఈ మిశ్రమంతో ప్రమాదం జరిగినట్టు ఏ రికార్డూ లేదు. ఋజువేమిటి?”

ఉష్ణమాపకం చెడిందని హేమలత చెప్పింది. మేధ క్షణంలో సరిచూసి బాగానే ఉందంది. తన హోదా చెప్పింది. హోదా ఋజువు కాదని మేధ ఆమె రాసిన నియమాన్నే ఆమెకు అప్పజెప్పింది. మూడు వందల అరవై.

హేమలత కుర్చీలోంచి లేచింది.

“ముప్పై ఒక్క ఏళ్ల కిందట నేనే చేశాను. ఇదే మిశ్రమం. నాలుగు వందల దగ్గర గొట్టం పేలింది. పక్కనే ఉన్న నా సహాయకురాలు రమణికి కన్ను పోయింది. తను గొట్టం సరిగా మూయలేదని నేరం తన మీదికే నెట్టాను. నా పేరు చెడుతుందని ప్రయోగం సంగతి ఎక్కడా రాయలేదు.”

మేధ తేదీ అడిగింది. హేమలత చెప్పింది.

“ఆ రోజు రమణి పేరిట ప్రమాద నివేదిక ఉంది. మిశ్రమం రాయాల్సిన చోటు ఖాళీ. మీ మాట దానితో సరిపోయింది.”

మూడు వందల తొంభై రెండు దగ్గర కొలిమి ఆరింది.

“నాకొక సందేహం తీరింది,” అంది మేధ. “మీ నియమం రాకముందు ఈ మిశ్రమంతో ప్రయోగాన్ని నలుగురు శాస్త్రవేత్తలు ఆపించారు. ఒకరు కరెంటు సరిగా లేదన్నారు, ఒకరు పొడి చాలదన్నారు. అందరూ నాలుగు వందల లోపే ఆపారు. కాకతాళీయం అనుకున్నాను. వాళ్లకూ తెలుసన్నమాట.”

ఆ నలుగురూ ఎవరని అడగడానికి హేమలతకు ధైర్యం చాలలేదు. ఆ శాలలో ఉన్న శాస్త్రవేత్తలే పదకొండు మంది.

తలుపు తెరుచుకుంది. అప్పలసూరి ముసుగు తీసి చెమట తుడుచుకున్నాడు.

“మద్దెలో ఆపేసినారేటి మేడమ్? నానేటైనా తప్పు సేసినానా?”

ఆస్పత్రి మంచం మీద, కంటికి కట్టుతో, రమణి కూడా ఆమెను ఇదే అడిగింది. ఆ రోజు హేమలత తల దించుకుని బయటికి వచ్చేసింది.

“నీ తప్పేం లేదు సూరీ,” అంది. తరువాత అదే మాట రమణికి చెప్పడానికి ఫోన్ తీసింది.