వెర్టెక్స్ చూడనివాడు

"మన ఏజెంట్లు నలభై మంది పేర్లు ఒక ఫిల్మ్‌లో ఉన్నాయి," అన్నాడు బాస్. "ఈ మధ్యాహ్నం పన్నెండుకి విదేశీ ముఠా దాన్ని డిష్ మీంచి పంపేస్తుంది. ఆ ముఠా చీఫ్ ఎవరో తెలుసుగా?"

ఏజెంట్‌కి తెలుసు. నిరుడు వాడి ఆఫీసులో డ్రాయింగులు గీస్తూ రహస్యాలు మనవాళ్లకి చేరవేసిన తన అక్కని చంపింది వాడే. ఆమె ఆఖరి చీటీ ఇంకా అతని పర్సులో ఉంది: 'వీడు లెక్క సరిచూసేటప్పుడు ముందున్న అంకె ఒక్కటే చూస్తాడు. బ్రాకెట్ చూడడు.'

"ప్రాణాలతో పట్టుకురా. కోపం ఇంట్లో పెట్టి వెళ్లు."

"అది ఇంట్లో ఉండదు సార్. నాతోనే వస్తుంది."

పదకొండున్నరకి అతను నూనె మరకల ఓవరాల్, అతికించిన మీసంతో ముఠా కంట్రోల్ రూంలో మెకానిక్‌గా కూర్చున్నాడు. ఎర్ర లిప్‌స్టిక్ వేసుకున్న సెక్రటరీ పక్కనుంచి వెళ్తూ, "ఫ్యాన్ చప్పుడు చేస్తోంది," అంది.

"నూనె వేస్తే సరి," అన్నాడు. కోడ్ కలిసింది. ఆమెకి జీతం ముఠాది, పని మనది.

చీఫ్ వచ్చాడు. "కొలతలు డాబా నుంచి, మీటర్లలో. ఫోకస్ (0, 3). డైరెక్ట్రిక్స్ y = −1. ఈక్వేషన్ కొట్టు. దాన్నిబట్టే డిష్ కూర్చుంటుంది."

డిష్ ఒంపు పారబోలా. దాని మీద ఏ బిందువైనా ఫోకస్‌కి ఎంత దూరమో డైరెక్ట్రిక్స్ గీతకీ అంతే దూరం. x² + (y − 3)² = (y + 1)². విప్పితే x² = 8(y − 1). వెర్టెక్స్, అంటే డిష్ అడుగు, రెండింటికీ నట్టనడుమ, డాబాకి మీటరు ఎత్తున. అక్క చెవి మెలిపెట్టి నేర్పిన లెక్క. ఎక్కడ తప్పు చెయ్యాలో కూడా అందుకే తెలుసు.

x² = 8y అని కొట్టాడు.

చీఫ్ వంగి చూశాడు. "ఎనిమిది. కరెక్ట్. నొక్కు."

పైన మోటారు మూలిగింది. అద్దంలా మెరిసే డిష్ మీటరు కిందికి దిగి డాబాకి ఆనింది. ఫోకస్ కూడా నడిమి స్తంభం మీద మూడు మీటర్ల దగ్గరున్న ట్రాన్స్‌మిటర్‌ని వదిలి రెండు మీటర్లకి జారింది. ఆ స్తంభానికి సరిగ్గా అక్కడే ఫిల్మ్ పెట్టె ఉంది. నడినెత్తిన సూర్యుడున్నాడు. పన్నెండుకి ఐదు సెకన్లుండగా టీవీ తెర మీద పెట్టె భగ్గుమంది.

చీఫ్ రివాల్వర్ లాగి ట్రిగ్గర్ నొక్కాడు. టిక్. తూటాలు సెక్రటరీ హ్యాండ్‌బ్యాగులో ఉన్నాయి.

ఏజెంట్ మీసం పీకేసి వాడి కాలరు పట్టుకున్నాడు. "బ్రాకెట్ చూడవని మా అక్క రాసింది. ఆమెను చంపావు గానీ అలవాటు మార్చుకోలేదు." పీక నులిమెయ్యాలనే ఉంది. అంత సులువుగా వాణ్ణి పోనివ్వడం ఇష్టంలేక కాలరు వదిలి, తలుపు బార్లా తీశాడు. "వెళ్లు. లిస్ట్ కోసం కూర్చున్న మీ పైవాళ్లకి నువ్వే చెప్పుకో."

చీఫ్ మొహం పాలిపోయింది. రెండు చేతులూ ముందుకు చాచాడు. "బేడీలు వేసెయ్ బాబూ. నీకు దణ్ణం పెడతా."

ఏజెంట్ కాగితం, పెన్సిల్ వాడి ముందు పెట్టాడు.

"ముందు వెర్టెక్స్ కనుక్కో. స్టెప్పులు వదిలేస్తే మా అక్క మార్కులు వేసేది కాదు."