చెక్ ట్రే

నిడదవోలు జంక్షన్ వెయిటింగ్ రూములో చీఫ్ విశ్వనాథ్ కూర్చోలేదు, టీ కూడా చెప్పలేదు. ఆయన కోపంగా ఉన్నారనడానికి అదే గుర్తు.

"డెల్టా పెర్ల్. విదేశీ ముఠా. క్రిప్టో పేరు చెప్పి రొయ్యల రైతుల్ని దోస్తున్నారు. ఈ సాయంత్రం రాజమండ్రి హోటల్లో ఆఖరి మీటింగ్. డబ్బు పడగానే మాయమైపోతారు."

"వాలెట్ ఫ్రీజ్ చేయించలేమా సర్?" అడిగింది ఏజెంట్ సూర్యకళ.

"ఏ వాలెటని? మనిషికో అడ్రస్ ఇస్తున్నారు, డబ్బంతా చివరికి ఏ వాలెట్‌లో చేరుతోందో తెలియదు. లాకిన్ పీరియడ్ అంటూ ఇంతవరకూ ఎవరికీ పైసా తిరిగివ్వలేదు. అసలు వాలెట్‌లోంచి ఒక్క రూపాయి బయటికి రానీ, పట్టేస్తాం."

ముఠాకి యాంకర్‌గా పనిచేస్తున్న ఫణిశ్రీ రహస్యంగా తమ మనిషేననీ, ట్రాన్స్‌ఫర్లు చీకటి పడ్డాకే మొదలవుతాయని ఆవిడే చెప్పిందనీ ఆయన వివరించారు. ఈలోగా టీం చేరుకుంటుంది.

సూర్యకళ రొయ్యల మేత కంపెనీ సేల్స్ ఆఫీసర్ వేషంలో, నెత్తిన టోపీ, చెవిలో ఇయర్‌పీస్, చొక్కా గుండీలో కెమెరాతో హాల్లోకి అడుగుపెట్టింది. మొదటి వరసలో కూర్చున్న మనిషిని చూడగానే ఆమె ఒళ్ళు మండిపోయింది. సొంత బాబాయి పల్లంరాజు. ఇదివరకు కట్టింది చాలక, మొన్న చెరువులో రొయ్యలు పట్టి అమ్మిన డబ్బంతా, అంటే ఆ ఇంటి ఏడాది తిండి, ఫోనులో సిద్ధంగా పెట్టుకుని కూర్చున్నాడు. కిందటి నెలే ఆయనకి ఆమె ఫోనులో అరగంట చెప్పింది. తెలియనిదాంట్లో పెట్టొద్దనీ, పెట్టినా, పోతే బాధపడనంతే పెట్టమనీ. అన్నిటికీ ఊ కొట్టాడు. ఊ కొట్టడంలో ఆయన తర్వాతే ఎవరైనా.

నెమలికంఠం రంగు పట్టుచీరలో ఫణిశ్రీ స్టేజి ఎక్కింది. కిటికీల్లో ఇంకా ఎండ ఉంది.

"చిన్న సర్‌ప్రైజ్ అండి. ఇప్పుడే, అందరం ఒకేసారి ట్రాన్స్‌ఫర్ చేసేద్దాం."

"ద్రోహం!" సూర్యకళ చెవిలో చీఫ్ పళ్ళు కొరుకుతూ అన్నారు. టీం ఇంకా గోదావరి బ్రిడ్జి దాటలేదు.

తెరమీద కౌంట్‌డౌన్ మొదలైంది. హాలంతా ఫోన్లమీదికి వంగింది. చెక్ ట్రేలో పిడికెడు మేత పెట్టి, చెరువులో దించి, రొయ్యలు తిన్నాయో లేదో పైకి తీసి చూసుకుంటేగాని తర్వాతి మేత వెయ్యని మనుషులు వీళ్ళు. మేత కాస్త వృథా అయితే అన్నం సయించదు. అలాంటివాళ్ళు బతుకంతా తెచ్చి, ముక్కూ మొహం తెలియనివాడి యాప్‌లో గుమ్మరించబోతున్నారు. కోపంలో సూర్యకళ వేషం సంగతే మరిచిపోయింది.

"చెక్ ట్రే చూడకుండా ఎప్పుడైనా మేత వేశారా బాబాయ్?"

పల్లంరాజు వేలు గాలిలో ఆగిపోయింది. "సూర్యా? నువ్వేంటమ్మా ఇక్కడ?"

ఆమె స్టేజివైపు తిరిగింది. "మా బాబాయి ఇదివరకు కట్టినదాంట్లోంచి వెయ్యి రూపాయలు వెనక్కివ్వండి. అది వచ్చాక అందరం వేస్తాం."

నిజమేనండి, చూపించండి అంటూ వెనక వరసలూ అందుకున్నాయి. వేళ్ళన్నీ ఫోన్లమీంచి లేచిపోయాయి, కౌంట్‌డౌన్ ఆగింది. ఫణిశ్రీకి సంగతి అర్థమై, ఇవ్వొద్దని తెరచాటునున్న విదేశీ మేనేజర్‌కి సైగ చేసింది. కోట్లు చేజారుతుంటే వాడికి సైగలు కనబడతాయా? వెయ్యీ పంపేస్తూ నొక్కేశాడు. పల్లంరాజు ఫోను మోగింది. కౌంట్‌డౌన్ మళ్ళీ కదిలింది.

మూడు. రెండు.

"అసలు వాలెట్ దొరికింది. ఫ్రీజ్ చేయించాం," అన్నారు చీఫ్.

సూర్యకళ ఒక్క గెంతులో స్టేజి ఎక్కి ప్రొజెక్టర్ వైరు పీకేసింది. ఎవరూ నొక్కవద్దనీ, తాను పోలీసుననీ అరిచింది. ఆమె చేతిలో రివాల్వర్ చూశాక మేనేజర్ కుర్చీలోంచి లేవలేదు.

చీఫ్‌తో టీం వచ్చి సంకెళ్ళు వేస్తుంటే, ఇలా ఎందుకు చేశావని సూర్యకళ ఫణిశ్రీని అడిగింది.

"రెండు వైపులా పెట్టాను మేడం. రిస్క్ తగ్గుతుందని."

పల్లంరాజు ఇంకా ఫోనే చూసుకుంటున్నాడు.

"వెయ్యి వచ్చాయి కదమ్మా," అన్నాడు నిష్ఠూరంగా. "మంచి కంపెనీయే. అనవసరంగా చెడగొట్టావు."

సూర్యకళ రివాల్వర్ తీసి చీఫ్ చేతికిచ్చేసింది. కాసేపు అది తన దగ్గర ఉండకపోవడమే మంచిదనిపించింది.